కూలరు గదికి పడవ పందెం

నవ్వనని ఒట్టేస్తేనే చెబుతా. ఒట్టేశారా? సరే.

మాచర్లలో మా ఇంటికి ఉన్న కూలరు ఒక్కటే. అది ముందుగదిలో ఉంటుంది. ఆ ముందుగదిలో మా ఆవిడ కుల్సుం బ్యూటీ పార్లర్ నడుపుతుంది. కార్లకు డెంటింగూ పెయింటింగూ చేస్తూ రేకుల షెడ్డులో పొద్దంతా ఉడికిన మౌలాలీ, అంటే నేను, మే నెల మధ్యాహ్నం వంటింటి గడప దగ్గర తడితువ్వాలు కప్పుకుని పడుకోవాలి. నెలరోజులుగా ఆ గది ఎట్లా కాజెయ్యాలా అని చూస్తున్నా.

అల్లా పంపినట్టు బుధవారం ఒక పడవ వచ్చింది.

పంపింది రిబ్బన్ సాంబశివరావు. చుట్టుపక్కల ఏది మొదలైనా కత్తెర ఆయన చేతిలోనే ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఈసారి సాగర్ దగ్గర సొంతంగా రిసార్టు కట్టి, ఫైబర్ పడవొకటి తెరచాపతో సహా తెప్పించాడు. కాకినాడ నుంచి మాచర్ల దాకా అది పువ్వులా వచ్చింది. ఇక్కడ లారీలోంచి దించి, నాపరాళ్ళ ట్రాక్టరు ఖాళీగా పోతోంది కదా అని దాంట్లో ఎక్కించారు. ఖాళీ అంటే పూర్తి ఖాళీ కాదు, అడుగున రెండు వరసల రాళ్ళున్నాయి. గతుకుల్లో పడవ అడుగంతా పిల్లి రక్కినట్టయింది. ఐదు చోట్ల పెచ్చులు కూడా లేచాయి.

"ఒరేయ్ మౌలాలీ, ఎల్లుండి ఓపెనింగు. ఇది కొత్తదానిలాగా అవుద్దా?"

"బంపర్లు ఎన్ని అతికించా బాబాయ్! పడవొక లెక్కా?"

పార్లర్ గుమ్మంలోంచి కుల్సుం అంది: "బంపరు నీళ్ళల్లో తేలక్కర్లేదయ్యా."

నాకు మండింది. "చేసి చూపిస్తే?"

"చేసి చూపిస్తే ఏం గావాల?"

"ముందుగది. కూలరుతో సహా."

"చెయ్యలేకపోతే?"

"జన్మలో కూలరు మాటెత్తను."

"బాబాయ్, మీరే సాక్షి," అందామె. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. షెడ్డులో పట్టక పడవను ఇంటి పక్కనే పరదా కింద పెట్టించాం.

గురువారం తెల్లారగానే మొదలెట్టా. కారుకు పెట్టే లప్పమే పెచ్చుల్లో నిండుగా మెత్తా. గంటలో గట్టిపడింది. గరుకు పేపర్ కొట్టి నున్నగా చేశా. నీళ్ళలో నిలుస్తుందో లేదో చూద్దామని బిందెడు నీళ్ళు కుమ్మరించా.

ఐదు చోట్లా లప్పం బిళ్ళలుగా ఊడి నా కాళ్ళ ముందు పడింది! నోరు తెరిచినవాణ్ణి మూయడం మర్చిపోయా.

పార్లర్ కిటికీలోంచి ముఖానికి ప్యాకు వేయించుకున్న పక్కవీధి సైమా చూస్తోంది. "నవ్వమాకే, ప్యాకు పగులుద్ది!" అని కుల్సుం అరుస్తున్నా ఆ పిల్ల నవ్వింది. ప్యాకు పగిలింది.

కుల్సుం బయటికొచ్చింది. "పడవతో పాటు రెండు డబ్బాలు, ఒక కాగితం ఇచ్చారుగా. ఆ కాగితం చదివావా?"

"ఇరవయ్యేళ్ళ చెయ్యే ఇది. దీనికి కాగితమేందే?"

ఒక డబ్బాలో జెల్‌కోట్ అట, పడవకు పైన ఉండే తెల్లటి పూత. దాంట్లో రెండో డబ్బాలోని హార్డెనర్, అంటే గట్టిపడే మందు, చుక్కల లెక్కన కలపాలి. చలికి గట్టిపడదని చలికాలం లప్పానికి ఎంత ఎక్కువ కలుపుతానో, ఈ ఎండలోనూ అంత వంచేశా. గిన్నె కనపడక వంటింట్లోంచి పప్పుగిన్నె తెచ్చా, గరిటె కూడా. నాలుగు తిప్పులు తిప్పానో లేదో గిన్నె కాలింది. పొగ లేచింది. గరిటె ఆగిపోయింది. లాగితే గిన్నె కూడా గరిటెతో పాటు పైకి వచ్చింది!

ఆ పప్పుగిన్నె మా అత్తగారు పెట్టింది.

బియ్యం డబ్బా వెనక దాచా. పది నిమిషాల్లో వంటింట్లోంచి కేక. "ఏమయ్యా! నా పప్పుగిన్నెలో ఈ తెల్లరాయి ఏంది?"

తిట్లకు సిద్ధపడి తల దించుకున్నా. తిట్లు రాలేదు. కుల్సుం గరిటె పట్టుకుని గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసి, "సరేలే, అలిసిపోయావు. పలావు చేశా, తిని ముందుగదిలో పడుకో. కూలరు వేస్తా," అంది.

పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. పప్పుగిన్నె పోయినప్పుడు పలావు పెట్టిన ఆడదాన్ని నేను చూడలేదు. అప్పుడన్నా అనుమానం రావాలి కదా! రాలేదు. రెండు పళ్ళేలు తిన్నా. కూలరు గాలి ముఖాన తగలగానే ఒళ్ళు తెలియలేదు.

లేచేసరికి ఐదున్నర. పందెం పోయిందని ఏడుపు మొహంతో పరదా ఎత్తా.

పడవ తళతళలాడుతోంది! గీత లేదు, పెచ్చు లేదు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశా. ఎండకు దానంతట అదే సర్దుకుందేమో అనుకున్నా. అనుకున్నానంటే నమ్మండి, ఆశ అట్లాంటిది.

అప్పుడే సాంబశివరావు దిగాడు. పడవంతా చేత్తో తడిమాడు. "ఎక్కడ పగిలిందో కూడా తెలవట్లేదే! ఎట్టా చేశావురా?"

"అది... చేతివాటం బాబాయ్," అన్నా.

కుల్సుం దూదితో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆ చేతివాటమే చూపించయ్యా. కుడిచేతి బొటనవేలు."

చూసుకున్నా. గోరు తెల్లగా, నున్నగా, రాయిలా మెరుస్తోంది! ఒక్క కేక పెట్టా.

"పడవ తెలుపు మామూలు తెలుపు కాదు బాబాయ్, ఇసుమంత పసుపు కలవాల. రంగు కుదిరిందో లేదో పడవ మీద చూస్తే పాడవుద్ది. అందుకే నిద్రపోయే ఈయన గోరు మీద చూసుకున్నా."

"నువ్వా చేసింది?" అన్నాడాయన.

"విరిగిన గోళ్ళకు రోజూ చేసే పనేగా. ముందు జిడ్డు తుడవాల, ఆ పని ఈయన చెయ్యలా. పెచ్చు అంచులు అరగదీసి, మిగిలిన జెల్‌లో కాగితంలో రాసినన్ని చుక్కలు కలిపి, కాస్త ఎత్తుగా నింపి, గాలి తగలకుండా ప్లాస్టిక్ కవరు అంటించా. ఈ ఎండకు బిర్రున ఆరింది. ఆనక నీళ్ళు పోస్తా పేపర్ కొట్టి, మెరుగు పెట్టా. గోరు చిన్నది, పడవ పెద్దది, అంతే తేడా."

సాంబశివరావు నా చెయ్యి పట్టుకుని బొటనవేలు పడవకు ఆనించాడు. గోరేదో పడవేదో తెలియలేదు. "నేను సాక్షినిరా మౌలాలీ," అన్నాడు.

నేను సిగ్గుతో చచ్చిపోయా. కానీ నిజం చెప్పొద్దూ, పడవ మీద చెయ్యి వేసినప్పుడు కాస్త గర్వంగానూ ఉంది. నా పెళ్ళామే కదా!

ఆ తెలుపు థిన్నర్‌కు కూడా పోవట్లేదు. గోరుతో పాటు పెరిగి పోవాల్సిందేనట. అందుకని వారం వారం పార్లర్‌లో నాకు గోరు అరగదీస్తున్నారు. ముందు నలుగురు ఆడవాళ్ళుంటే ఐదోవాణ్ణి నేను. కూలరు మాటెత్తనని ఒప్పుకున్నా గానీ, దాని ముందు కూర్చోనని అనలేదు.

మొన్న అట్లా వంతు కోసం కూర్చుని కునుకు తీశా. లేచి చూస్తే చూపుడువేలి గోరు నీలంగా ఉంది. సాగర్ నుంచి ఇంకో పడవ వచ్చిందట.