పక్క గది శ్రోతలు

జీతం మనిషిని పాడు చేస్తుంది. ఒప్పుకోండి! నెల మొదట్లో వస్తుంది, వారం తిరక్కముందే పోతుంది, మిగిలిన రోజులన్నీ బెంగ. అసలు రాకపోతే పోతుందన్న బెంగ ఉంటుందా? ఈ పరమ సత్యాన్ని కనిపెట్టి, కాలేజీ పిల్లలకు ఉచితంగా పంచిపెడుతున్న మహా సంస్థ ఒకటి మన సిద్దిపేటలోనే ఉంది. పేరు ‘జనపలుకు’. సర్కారు సొమ్ముతో నడిచే రేడియో స్టేషన్. జనపలుకులో జనం పలకరు. అదొక్కటే చిన్న లోపం. దాన్ని కూడా ఎట్లా సరిదిద్దారో చెబుతాను.

అక్కడ పిల్లలకిచ్చే పనిని వాలంటీర్ అంటారు. వాలం‘టీ’ర్! పేరు నడుమ టీ ఉంది చూశారా? ఇచ్చేది కూడా అదే. స్టైపెండ్ సంగతి అడిగితే మాట విడదీసి అర్థం చెబుతారు: స్టే, పెండింగ్. ఇక ఆన్ ఎయిర్ అంటే ఏమనుకున్నారు? మాట గాల్లో, పిల్లలు గాల్లో, జీతం గాల్లో. ఇంత సమానత్వం ఏ ఆఫీసులో ఉందండీ?

నమ్మకం కుదరని వాళ్లు లిడియా సంగతి వినండి.

లిడియాది అక్కన్నపేట. సిద్దిపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతుంది. ‘రేడియోలో మీ గొంతు వినిపించండి! విద్యార్థులకు సువర్ణావకాశం!’ అన్న కాగితం కాలేజీ గోడ మీద చూసి, అక్కడే నిలబడి తల్లికి ఫోన్ కలిపింది. తల్లి ఐలవ్వ పత్తి ఏరే కూలికి పోతుంది.

“అవ్వా, నేను రేడియోల మాట్లాడుత!”

“నీ పేరు చెప్తరా?”

“ఎందుకు చెప్పరవ్వా!”

అంతే! మర్నాటికల్లా చేను చేనంతా తెలిసిపోయింది. ఐలవ్వ తన ఫోన్‌లో రేడియో పెట్టి, కొంగుకు కట్టుకుని పత్తి ఏరడం మొదలుపెట్టింది. చుట్టూ ఆడవాళ్లు. వారం వారం ఒకటే మాట: “ఐలవ్వా, నీ బిడ్డ ఏదే? రేడియోల వడ్డదా, రేడియో వెనుకకు వడ్డదా?”

వాళ్ల వెటకారంలో నిజం లేకపోలేదు. లిడియాకు మొదట దొరికిన అవకాశం చప్పట్లు. పిల్లల కార్యక్రమంలో చప్పట్లు కొట్టాలి. మేధావుల చర్చలో అక్కడక్కడ దగ్గాలి, సభ నిండుగా ఉన్నట్టు వినిపించడానికి. కష్టపడి దగ్గితే గుర్తింపు రాదా? వచ్చింది! లిడియాకు ప్రమోషన్ ఇచ్చి శ్రోతను చేశారు.

శ్రోత కూడా ఒక పోస్టా అంటారేమో. తొందరపడకండి.

గురువారం సాయంత్రం నాలుగింటికి ‘హలో రైతన్నా’ అని ఒక లైవ్ కార్యక్రమం. రైతులు ఫోన్ చేస్తే నిపుణుడు జవాబు చెబుతాడు. ఆ మహత్తర బాధ్యత ప్రోగ్రాం ఆఫీసర్ మధుసూదన్ గారిది. స్టేషన్‌లో ఉన్నది ఒక్కటే ల్యాండ్‌లైన్, దాని గుణమేమిటంటే అవతలి వాళ్లు పెట్టేస్తే తప్ప ఇవతలి నుంచి కట్ కాదు. ఒకసారి దుబ్బయ్య అనే నిజమైన రైతు ఫోన్ చేసి, “నకిలీ విత్తనాలు అమ్మినోని పేరు రేడియోల చెప్తరా, చెప్పరా?” అని పట్టుకున్నాడు. కార్యక్రమం అయిపోయేదాకా వదల్లేదు. అప్పుడు మధుసూదన్ గారికి జ్ఞానోదయమైంది. రైతుల కార్యక్రమానికి అసలు శత్రువు రైతే!

ఆ రోజు నుంచి రైతులను స్టేషన్‌లోనే తయారు చేసుకుంటున్నారు. స్వదేశీ ఉత్పత్తి! నిపుణుడు ముందు జవాబు రాస్తాడు, తర్వాత దానికి తగిన ప్రశ్న రాస్తాడు. వాలంటీర్లు పక్క గదిలో కూర్చుని, సొంత ఫోన్‌తో, సొంత రీచార్జ్‌తో ఆ ప్రశ్న అడుగుతారు. లిడియా పెట్టగానే నిఖిల్ కలుపుతాడు, నిఖిల్ పెట్టగానే లిడియా. లైన్‌కు తీరిక ఉండదు, బయటి రైతుకు దారి ఉండదు.

నిఖిల్‌ది పెద్ద బజార్లో బట్టల దుకాణం వాళ్ల కుటుంబం. మడి ఎక్కడుంటుందో, దడి ఎక్కడుంటుందో తెలియదు. కానీ రైతు వేషంలో సీనియర్.

“గట్ల కాదు లిడియా, నువ్వు రైతు లెక్క మాట్లాడుతలేవు. నడుమ నడుమ జర దగ్గాలె” అని నేర్పేవాడు.

పత్తి ఏరే తల్లికి పుట్టిన పిల్ల, బట్టల కొట్టు పిల్లవాడి దగ్గర రైతు దగ్గు నేర్చుకుంది. దీన్నే నైపుణ్యాభివృద్ధి అంటారు!

ఒక గురువారం లిడియా కోళ్ల ఫారం యజమానురాలైంది. ఇంకో గురువారం ధూళిమిట్ట నుంచి సుమిత్రమ్మ అయి, మూడెకరాల మామిడి తోట సంపాదించి, పూత రాలిపోతోందని వాపోయింది. ఏ ఉద్యోగంలోనైనా ఇంత తొందరగా మూడెకరాలు వస్తాయా? లిడియా అనే పేరు మాత్రం ఎన్నడూ రాలేదు. వాలంటీర్ పేరు గాల్లోకి పోరాదని రూలు.

“ఈ వారం గూడ నీ పేరు రాలేదు బిడ్డా” అనేది ఐలవ్వ, ఫోన్‌లో.

“వచ్చే వారం వస్తదవ్వా” అనేది లిడియా.

ఒక గురువారం నిఖిల్‌కు పరీక్ష ఉండి రాలేదు. సుమిత్రమ్మ మామిడి పూత సంగతి మళ్లీ అడగాలి. లిడియా నంబరు కొట్టింది. రీచార్జ్ అయిపోయిందని ఫోన్‌లో ఎవరో తీయగా చెప్పారు. సార్‌కు చెబుదామని లేస్తే స్టూడియో మీద ఎర్ర బల్బు వెలిగింది. లోపలికి పోరాదు. లైన్ ఖాళీగా ఉంది.

అప్పుడు స్టూడియోలో ఫోన్ దానంతట అదే మోగింది.

“హలో! ధూళిమిట్ట నుంచి సుమిత్రమ్మ గారు! మీ మామిడి తోట ఎలా ఉందమ్మా?” అన్నారు మధుసూదన్ గారు, తేనె కలిపిన రేడియో గొంతుతో.

“సుమిత్రమ్మ ఎవలు సారూ? నేను ఐలవ్వను. అక్కన్నపేట నుంచి.”

గొంతు అచ్చం లిడియాదే. పిల్ల ఇవాళ కొత్త పాత్ర వేస్తోందనుకుని సార్ మురిసిపోయారు. నిపుణుడు వెంటనే కాగితం అందుకున్నాడు. “పూత రాలడానికి ముఖ్యమైన కారణం ఏమిటంటే...”

“నేనింకా ఏమడగలేదు గద సారూ!”

పక్క గదిలో లిడియా స్పీకర్‌కు చెవి ఆనించింది.

“పోయిన గురువారం సుమిత్రమ్మనని మాట్లాడింది నా బిడ్డ. దాని గొంతు నేనెరుగనా? మూడెకరాల మామిడి తోట ఉన్నదన్నది. గా తోట ఏడున్నదో జర చెప్పున్రి, రేపటి సంది కూలికి పోవుడు బంద్ వెడ్త.”

వెనక ఆడవాళ్లు గొల్లుమన్నారు. సిద్దిపేట జిల్లా అంతా వినిపించేలా నవ్వారు. అవి కిరాయి నవ్వులు కావు.

“వారం వారం ఫోన్ కొడుతున్న సారూ. ఎప్పుడు కొట్టినా బిజీ. ఎవలు గింతగనం మాట్లాడుతున్నరా అనుకున్న. నా బిడ్డే మాట్లాడుతున్నది, నా బిడ్డ పేరు లేకుండ.”

“అమ్మా, అక్కడ శ్రోతలు ఎదురు చూస్తున్నారు, దయచేసి ఫోన్ పెట్టేయండి.”

“శ్రోతలంటే మేమే గద సారూ! మేము ఎదురుచూస్తనే ఉన్నం. దాని పేరు లిడియా. ఒక్కపారి దాని నోటితోని చెప్పనియ్యున్రి, పెట్టేస్త.”

మధుసూదన్ గారు పాట వేశారు. పాట అయిపోయింది.

“ఉన్న సారూ” అంది ఐలవ్వ.

ఇంకో పాట వేశారు. వాతావరణం చదివించారు. మార్కెట్ ధరలు చదివించారు. నిన్నటి మార్కెట్ ధరలు కూడా చదివించారు.

“ఉన్న సారూ.”

చివరికి స్టూడియో తలుపు తెరుచుకుంది. తేనె గొంతు పోయి సార్ సొంత గొంతు బయటికొచ్చింది: “ఏందమ్మా లిడియా గిది! రా, ఒక్క ముక్క చెప్పి ఖతం చెయ్యి.”

లిడియా మైకు ముందు కూర్చుంది. కోళ్ల ఫారం గొంతు వచ్చు, మామిడి తోట గొంతు వచ్చు. తన గొంతు కోసం కొంచెంసేపు వెతుక్కోవలసి వచ్చింది.

“నమస్కారం. నా పేరు లిడియా. మాది అక్కన్నపేట.” మైకును దగ్గరికి లాక్కుంది. “మాకు మామిడి తోట లేదు.”

“ఆఁ. వినవడ్డది బిడ్డా” అంది ఐలవ్వ. ఫోన్ పెట్టేసింది.

పెట్టగానే మోగింది. హుస్నాబాద్ నుంచి ఎల్లన్నట, నిజం ఎల్లన్న. ఆయన తర్వాత దుబ్బయ్య, పాత ప్రశ్నతోనే. జనపలుకులో జనం పలకడం మొదలుపెట్టారు! ఎంత ప్రమాదం! నిపుణుడు తన కాగితాలు సర్దుకుని, బస్సు ఉందని వెళ్లిపోయాడు.

ఇంత జరిగినా మధుసూదన్ గారు లిడియాను ఒక్క మాట అనలేదు. పెద్ద మనసు! “మీ అమ్మ గొంతు సహజంగ ఉన్నది. ప్రతి గురువారం ఫోన్ చెయ్యమను, వాలంటీర్ సర్టిఫికెట్ ఇస్తం” అన్నారు. లిడియా ఆ శుభవార్త తల్లికి చేరవేయలేదు. హాస్టల్‌కు పోయింది, మళ్లీ రాలేదు.

కాబట్టి విద్యార్థులారా, సువర్ణావకాశం ఖాళీగా ఉంది! గోడ మీద కొత్త కాగితం కూడా అంటించారు. కావలసిన అర్హతలు: గొంతు, దగ్గు, రీచార్జ్. పేరు ఇంటి దగ్గర పెట్టి రావాలి. మీ తల్లి రేడియో వినదని రాసివ్వాలి.

ఎందుకో ఇంకా ఎవరూ చేరలేదు. అందుకే మొన్న గురువారం లైన్ ఖాళీగా ఉంది, ఫోన్ మొదటిసారికే కలిసింది.

“నమస్కారం సార్. లిడియా, అక్కన్నపేట. మీ స్టేషన్ల పని చేస్తే జీతమెంత?”

మంచి ప్రశ్న అన్నారు మధుసూదన్ గారు. నిపుణుడు కాగితాలన్నీ వెతికాడు. ఆ జవాబు దొరకలేదు. పాట వేశారు.

పాట అయిపోయింది. లిడియా ఇంకా ఫోన్ పెట్టలేదు.