నాగేశప్ప తెప్పించిన రద్దీ

ఆ ఉదయం నాగేశప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది.

హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే పెద్ద రోడ్డు పక్కన అతని ఇల్లు, ఇంటి వెనక గులాబీ తోట. ఇన్నాళ్లూ చెయ్యెత్తితే బస్సు ఆగేది. అతని భార్య కాళమ్మ పూలబుట్టతో ఎక్కి, పూలు వాడకముందే హోసూరు మార్కెట్టు చేరేది. డీజిల్ ధర మళ్లీ పెరిగాక కండక్టరు తల బయటపెట్టి తేల్చేశాడు. "చెయ్యెత్తినోళ్లకంతా బ్రేకేస్తే డీజిల్ ఎవురు పోస్తారమ్మా? ఇంక స్టాపుంటేనే ఆపేది."

అదే సమయంలో ఆ రోడ్డును వెడల్పు చేయాలని ప్రభుత్వం అనుకుంది. ఇంటి దగ్గరి కూడలిలో గొడుగు కింద ఒకతను కూర్చుని, పోయే బండ్లను లెక్క రాసుకుంటున్నాడు. నాగేశప్ప అతనికి మజ్జిగ ఇచ్చి కూపీ లాగాడు. బండ్లు ఎక్కువుంటే వసతులు ఎక్కువ వస్తాయట. నాగేశప్పకు తెలిసిన వసతి ఒక్కటే, బస్ స్టాపు.

"ఒక అర్జీ పెడితే సరిపోదా?" అంది కాళమ్మ.

"అర్జీ ఎవురు చదువుతారు? బండ్లయితే కంటికి కనపడతాయి."

బావమరిది గుర్రప్ప ట్రాక్టరు తెచ్చాడు. కూడలి దాటడం, అవతల తిరగడం, మళ్లీ దాటడం. ఉత్త ట్రాక్టరు తిరిగితే అనుమానం వస్తుందని నాగేశప్ప ట్రాలీ నిండా చుట్టాలను ఎక్కించాడు. ఎవరడిగినా నోరు విప్పకూడదని ఒట్టు వేయించుకున్నాడు.

ఆ చుట్టుపక్కల ట్రాక్టరు నిండా జనం పోతున్నారంటే జాతరయినా అయి ఉండాలి, పార్టీ మీటింగయినా అయి ఉండాలి. జాతరయితే అడక్కుండానే చెబుతారు. చెప్పడం లేదంటే మీటింగే, అదీ బిర్యానీ పొట్లాలు కొన్నే ఉన్న మీటింగు.

"యాడికి పోతాండారు దొడ్డమ్మా?" అని అడిగాడు టీ అంగడి పిల్లప్ప.

ట్రాలీ మీది దొడ్డమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూస్తిరా, చెప్పేదే లేదు," అన్నాడు పిల్లప్ప, బెంచీ మీదివాళ్లతో. "లేయండప్పా, పోదాం."

అంగడి మూతపడింది. మూకండపల్లి ఫ్యాక్టరీలలో షిఫ్టు దిగినవాళ్లు మోపెడ్ల మీద వచ్చారు. పక్క ఊళ్ల ట్రాక్టర్లు వచ్చాయి. మీటింగు ఎక్కడో ఎవరికీ తెలియదు గనుక అందరూ వెతుకుతూ ఆ కూడలి మీదుగానే అటూ ఇటూ తిరిగారు. లెక్క రాసేవాడు వేళ్లు విరుచుకుంటూ రాశాడు. చివరికి ఐసు బండి అడ్డం తిరిగి దారంతా బిగుసుకుపోయింది. హోసూరు బస్సు సరిగ్గా నాగేశప్ప ఇంటి ముందు ఆగింది. కాళమ్మ పూలబుట్టతో ఎక్కి కూర్చుంది. బస్సు సాయంత్రందాకా కదల్లేదు.

కొన్నాళ్లకు పని మొదలైంది. కూడలిలో పాతుతున్న స్తంభాలు ఇంటికన్నా ఎత్తు లేచాయి.

"బస్ స్టాపు యాడ వస్తుంది సార్?" అని నాగేశప్ప ఇంజనీరును అడిగాడు.

"ఇంత రద్దీ ఉండే చోట బస్సు ఆపితే ఎట్లప్పా? లెక్క చూసినాము కదా. అందుకే పైన వంతెన. యాడా ఆగకుండా పోవచ్చు. డీజిల్ మిగులుతుంది, సరుకు బిరీన చేరుతుంది."

"ఊరికి మేలే," అన్నాడు నాగేశప్ప నీరసంగా.

"బస్సు ఇంటికాడికి రావాలంటిరి," అంది కాళమ్మ. "వస్తాండాది కదా, రవంత పైన."

ఇప్పుడు ఆమె మిద్దె మీద మిరపకాయలు ఎండబెడుతూ వంతెన మీది కండక్టరుకు తలూపుతుంది. అతనూ ఊపుతాడు. పూలబుట్ట రోజూ గుర్రప్ప ట్రాక్టరులో హోసూరు పోతుంది.

డీజిల్ నాగేశప్ప పోస్తాడు.