కిలోమీటరు కొట్టే టార్చి

దుర్గకు అన్నిటికన్నా ఎక్కువ భయం పామంటే. తనను కరుస్తుందని కాదు, మొగుడు శ్రీనుని కరుస్తుందని. పెళ్లయి ఐదేళ్లయింది, కూతురు అక్షితకు నాలుగేళ్లు నిండాయి, ఆ భయం మాత్రం ఒక్క రోజు కూడా తగ్గలేదు. కృత్తివెన్ను దగ్గర కోదండరామయ్య గారి రొయ్యల చెరువులకు శ్రీను కాపలా. పన్నెండు చెరువులకు ఆరుగురు మనుషులు, మనిషికి రెండు చెరువులు. సాయంత్రం ఆరింటికి వెళ్లి తెల్లారాక వస్తాడు. గట్ల నిండా మోకాలెత్తు గడ్డి. చెప్పులేసుకుంటే బురదలో జారతాయని వట్టి కాళ్లతో తిరుగుతాడు. దుర్గ ఆ కాళ్లనే తలుచుకుంటూ పడుకుంటుంది.

అందుకే ఆ రోజు పొద్దున్నే ఆమె ఒక చిన్న పథకం వేసుకుంది. బస్సెక్కి బందరు వెళ్లాలి, మంచి టార్చి కొనాలి, ఆరయ్యే లోపల శ్రీను చేతిలో పెట్టాలి. అంతే. ఇందులో తికమకపడటానికి ఏముంది?

బందరులో కొట్టతను అరచేతిలో ఇమిడిపోయే నల్లటి వస్తువొకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదేంటండీ, ఇంత పొట్టిగా ఉంది? మా ఇంట్లోది మూరెడుంటుంది."

"చూట్టానికి పొట్టిదేనమ్మా. కొడితే కిలోమీటరు కొడుతుంది."

"ఏదీ, వెలిగించి చూపించండి."

"పట్టపగలు ఏం కనబడుద్దమ్మా? చీకటి పడ్డాక మీరే చూసుకోండి."

అతను చెప్పింది సబబుగానే అనిపించింది. బస్సెక్కాక మాత్రం అంత సబబుగా అనిపించలేదు. పెట్టెలో ఒక కాగితం ఉంది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన దుర్గకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు గానీ, అవన్నీ కలిసి ఏం చెబుతున్నాయో రాదు. కాగితం మీద బొమ్మలు మాత్రం చూసింది. మీట ఒకటే. ఒకసారి నొక్కితే ఒకటట, రెండుసార్లు నొక్కితే ఇంకోటట, నొక్కి పట్టుకుంటే మరొకటట.

ఇంటికొచ్చి, కొత్త టార్చికి బ్యాటరీలు కావాలి కదా అని పాత టార్చిలోవి మూడూ తీసింది. తీరా చూస్తే కొత్తదాంట్లో బ్యాటరీలు పెట్టే చోటే లేదు. ఫోనుకు మల్లే చార్జింగు పెట్టుకునే కన్నం ఉంది. సరే, పాతవి పాతదాంట్లోనే పెట్టేద్దామని చూస్తే అవి లేవు.

"అక్షితా, ఇక్కడ బ్యాటరీలేవే?"

"బజ్జున్నాయి."

"ఎక్కడమ్మా?"

"చెప్పను. లేపుతావు."

ఆరయింది. చార్జింగుకు తగిలించిన కొత్త టార్చి మీద ఎర్ర దీపం ఇంకా ఆరలేదు. శ్రీను కర్ర తీసుకుని బయల్దేరాడు.

"బావా, ఒక్క గంట ఆగు. అది నిండాక తీసుకెళ్దువు గానీ."

"గంటసేపు ఆగితే కోదండరామయ్య గారు ఆగుతారేంటే? సెల్లులో లైటుంది లే."

"ఆ సెల్లు లైటుకి నీ బొటనవేలు కూడా కనబడదు!"

అతను నవ్వి వెళ్లిపోయాడు. కొత్త టార్చి కొన్న రోజునే మొగుణ్ణి టార్చి లేకుండా గట్టు మీదికి పంపానని దుర్గకు కాలూ చేయీ ఆడలేదు. ఏడు కావస్తుండగా దీపం పచ్చగా మారింది. ఫోన్ చేస్తే కలవలేదు. చెరువుల దగ్గర సిగ్నలు ఎప్పుడూ అంతే. అప్పుడామెకు ఆలోచన వచ్చింది. వాళ్ల డాబా మీద నిలబడితే చెరువులు ఎదురుగా కనిపిస్తాయి, దూరం కిలోమీటరు లోపే. టార్చి వెళ్లకపోతేనేం, వెలుతురు వెళ్తుంది కదా?

డాబా ఎక్కి మీట నొక్కింది. కాళ్ల దగ్గర చీకటే, పిట్టగోడ దగ్గర చీకటే. చెడిపోయింది కాబోలు అనుకుంటూ తలెత్తి చూస్తే, అల్లంత దూరాన గట్టు మీద తెల్లటి వెలుతురు. అందులో కర్ర పట్టుకున్న మనిషి. శ్రీనే! కాళ్లు కూడా తెలుస్తున్నాయి. దుర్గ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

శ్రీను వెనక్కి తిరిగి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పాపం, కళ్లల్లో పడుతోందని దుర్గ వెలుతురు తగ్గించబోయి మీట రెండుసార్లు నొక్కింది. టార్చి టపటపా ఆరుతూ వెలగడం మొదలుపెట్టింది.

చెరువుల మీద ఒక కట్టుబాటుంది. కరెంటు పోయి నీళ్లను చిలికే ఏరియేటర్లు ఆగినా, గాలి చాలక రొయ్య పైకి తేలినా, ఫోన్లు కలవవు కనక టార్చి ఆపి ఆపి కొడతారు. ఏ చెరువు మీద వెలుతురు అలా పడితే ఆ చెరువు కాపలావాడు ముందు జనరేటర్ వేయాలి, తర్వాతే ఏం జరిగిందని అడగాలి. ఇన్నాళ్లూ టార్చీలు పక్క చెరువు దాకానే కొట్టేవి కనక ఎవరు ఎవరికి కొట్టారన్న అనుమానం రాలేదు.

శ్రీను వెలుతురు చూశాడు. అది తన ఇంటి డాబా మీద నుంచి వస్తోంది. అక్షితకేదో అయిందనుకుని పరుగందుకున్నాడు, గట్టు మీద, చీకట్లో, వట్టి కాళ్లతో. అతను పరుగెత్తడం చూసిన దుర్గ, కాలి కింద ఏదో పడిందనుకుని వెలుతురును అతని వెంటే తిప్పింది. ఆ తిప్పడంలో అది పన్నెండు చెరువుల మీదా మెరిసింది. ఒకదాని తర్వాత ఒకటి జనరేటర్లు మోగాయి. కాపలావాళ్లందరిలోకీ పెద్దవాడు పోతయ్య, అరవై దాటిన మనిషి, తన రెండిటితోపాటు శ్రీను వదిలేసిన రెండిటికీ జనరేటర్ వేసి, రొయ్య తేలిందేమోనని లుంగీతోనే చెరువులోకి దిగిపోయాడు.

అత్త లక్ష్మీకాంతమ్మ కడుగుతున్న అన్నం గిన్నెతోనే ఆయాసపడుతూ డాబా ఎక్కింది. "ఏంటే ఆ మెరుపులు? చెరువుల మీద మోటార్లేంటి?"

"బావ పరిగెడుతున్నాడు అత్తమ్మా! పురుగు ముట్టిందేమో!"

చీకటి పడ్డాక పాము పేరెత్తరు కాబట్టి పురుగంది. లక్ష్మీకాంతమ్మకు 'ఏమో' అన్నది వినబడలేదు. పిట్టగోడ మీద నుంచి వీధిలోకి వంగి, "నా కొడుకును పురుగు ముట్టిందర్రోయ్!" అని అరిచింది. రెండు నిమిషాల్లో వీధి వీధంతా లేచింది. ఒకరు అంబులెన్సుకు ఫోన్ చేశారు, నలుగురు నులకమంచం ఎత్తుకుని చెరువుల వైపు పరుగెత్తారు.

సగం దారిలో మంచం వాళ్లకు శ్రీను ఎదురయ్యాడు.

"ఎవరికి? మా పాపకేనా?"

"నీకేరా! పడుకో ముందు!"

"నాకేం కాలేదయ్యా!"

"విషం ఎక్కితే అలాగే అంటార్రా. పడుకోమంటుంటే!"

పడుకోబెట్టారు. ఎవరో సెల్లు లైటు వేసి కాలు చూశారు. పిక్క మీద ముల్లు గీసుకున్న గీత ఉంది. "అదిగో గాటు!" అన్నారు. శ్రీను తలెత్తి చూసుకున్నాడు. నిజంగానే గాటులా ఉంది. అంతవరకూ బాగానే ఉన్నవాడికి నాలుక పిడచగట్టినట్టనిపించింది.

"ఒరేయ్, నాకు కళ్లు తిరుగుతున్నాయి," అన్నాడు నీరసంగా.

ఇక్కడ డాబా మీద టార్చి ఆరడం లేదు. దుర్గ ఒకసారి నొక్కితే ఇంకా జోరుగా కొట్టుకుంటోంది. రెండుసార్లు నొక్కినా అంతే. చివరికి లక్ష్మీకాంతమ్మ కోడలి చేతిలోంచి టార్చి లాక్కుని నేల మీద పెట్టి, దాని మీద అన్నం గిన్నె బోర్లించి, పైన కూర్చుంది.

మంచం ఇంటిముందు దిగింది. వెనకే అంబులెన్సు వచ్చింది. అందులో వచ్చినతను గీత మీద దూదితో తుడిచి, వాసన చూసి, "సర్కారు తుమ్మ ముల్లండీ," అన్నాడు. శ్రీను లేచి కూర్చున్నాడు. కళ్లు తిరగడం తగ్గిపోయింది. దుర్గ అతని కాళ్లు రెండూ పట్టుకుని, వేళ్లతో సహా తడిమి చూసి, అప్పుడు ఏడ్చింది.

ఇంతలో కోదండరామయ్య గారు బండి మీద వచ్చారు. పన్నెండు జనరేటర్లు ఒక్కసారి మోగేసరికి, తెగులే తగిలిందనుకుని, ఉన్న రొయ్యనైనా పట్టి అమ్మేద్దామని ఐసు లారీకి, వలలకు కబురు కూడా పెట్టేసి వచ్చారు. వెనకాలే తడి లుంగీతో పోతయ్య.

"ఎవరు కొట్టారు ఆ లైటు?"

శ్రీను ఉద్యోగం పోయినట్టేనని అందరికీ తెలిసిపోయింది.

"నేనేనండీ," అంది దుర్గ. "మా ఆయనకి దారి కనబడాలని... దాన్ని ఆపడం నాకు రాలేదండీ."

కోదండరామయ్య గారు బండి దిగారు. "మొన్నామధ్య నిజంగా కరెంటు పోతే ఒకళ్ల ఫోను ఒకళ్లకి కలవక, టార్చి పక్క చెరువు దాటక, జనరేటర్ వేసేసరికి అరగంటయింది. చెరువు చెరువంతా తేలిపోయింది. ఇవాళ ఏమీ కాకపోయినా ఐదు నిమిషాల్లో పన్నెండిటికీ వేశారు," అని శ్రీను వైపు తిరిగారు. "రేపట్నుంచి నువ్వు గట్టెక్కద్దురా. మీ డాబా మీద కూర్చో. కరెంటు పోతే మీ ఆవిడ చేతే కొట్టించు."

"మరి నా గట్లు రెండూనండీ?"

"పోతయ్య చూసుకుంటాడ్లే."

"నేనా?" అన్నాడు పోతయ్య లుంగీ పిండుకుంటూ.

అలా శ్రీను కాళ్లు ఇంటిపట్టున ఉన్నాయి. దుర్గ మాత్రం ఇంకా సరిగ్గా నిద్రపోవడం లేదు. ఆ వయసులో పోతయ్య బాబాయ్ ఒక్కడే నాలుగు గట్ల మీద ఎలా తిరుగుతున్నాడోనని ఆమె బెంగ. మీరెవరైనా కృత్తివెన్ను వైపు వెళ్తే, ఆ చెరువుల దాకా వెళ్లి ఆయనను ఒక్కసారి పలకరించి, ఎలా ఉన్నాడో చూసి రండి. దుర్గ కూడా పావుగంటకోసారి డాబా మీద నుంచి టార్చి వేసి చూస్తూనే ఉంది; ఆ వెలుతురు కళ్లల్లో పడి గట్టు కనబడక ఆయన ఇప్పటికి రెండుసార్లు చెరువులో పడ్డాడు.