నకలు డిస్కుల సమూహోద్ధరణం

శీతలయంత్రఘోషతో దిక్కులు పిక్కటిల్లే మూడో అంతస్తు సర్వరు గదిలో, సహస్రహరితదీపికలు మినుకుమినుకుమంటూండగా, మిట్టమధ్యాహ్నానికి ఇరవై నిమిషాల ముందు, రక్తపరీక్షాకేంద్రంవారి సమస్తరోగివృత్తాంతసంరక్షకుడూ, చల్లారిన టీని చిరునవ్వుతో సేవించు ధీరోదాత్తుడూ, ఆఫీసంతా బాబాయని పిలుచుకునే స్టోరేజీ అడ్మినిస్ట్రేటరు కీబోర్డును సమీపించాడు.

కార్యమా, చూడబోతే పిసరంత. కొత్త సాఫ్ట్‌వేరును పరీక్షించడానికి పొద్దున్నే ఎనిమిది డిస్కులకు నకళ్లు తీశారు. వాటిని ఒక గుంపుగా కట్టి, కొత్త గుర్తింపు రాసి, వేరే పేరుతో లేపి పనిలో పెట్టాలి. అయితే ఓ శ్రోతలారా, నకలన్నది మహా టక్కరిది! అసలు డిస్కు పేరునూ గుర్తింపునూ పొల్లుపోకుండా మోసుకొస్తుంది. తేడా అల్లా డిస్కు సీరియల్ నెంబరొక్కటే. పొరపాటున అసలుదాని మీద చెయ్యి పడిందా, మూడు వేలమంది రక్తపరీక్షలు గల్లంతే. కిందటేడు, బ్యాకప్ లేనినాడు, పడింది కూడాను. ఆనాటి నుంచీ ఆయన నోరు తెరిస్తే చాలు, "బ్యాకప్ ఉందా బాబాయ్" అని ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంటుంది.

'ఓరీ ప్రతిబింబాధమా! కపటసోదరవేషధారీ! నా అంగుళీప్రహారానికి నీ ముసుగు తునాతునకలు కాకపోవునా!' అని మహావీరుడు మనసులో గర్జించాడు. బయటికి మాత్రం, పక్క సీట్లోని డేటాబేసు అమ్మాయి వైపు తిరిగి, "అమ్మా, కాస్త ఈ జాబితాలో నకళ్ల నెంబర్లు చదివిపెడతావా?" అన్నాడు.

ఒకరు చదవాలి, ఇంకొకరు కొట్టాలి. అది ఆ గది ఆచారం.

"పోయినేడు నేనే వస్తానంటే అక్కర్లేదన్నారుగా బాబాయ్."

"అన్నాను. అందుకే ఇప్పుడు అడుగుతున్నా."

ఆ అమ్మాయి కుర్చీ జరుపుకుంది. "చివర ఏడు, నాలుగు, సున్నా, రెండు."

"సున్నానా, ఓ నా?"

"ఓ అయితే ఓ అనే అంటాను కదా."

ఇట్లు ఆరు డిస్కులు వశమయ్యెను. ఏడోదాని దగ్గర ఆమె గొంతు ఆగింది. "బాబాయ్, ఇది నకలు కాదు. నా డేటాబేసు నడుస్తున్న అసలుది. మీ జాబితాలోకి ఎలా వచ్చింది?"

ఆ గదిచలిలోనూ వీరుడికి ముచ్చెమటలు పోశాయి. జాబితా కట్టింది తనే, ఇంకెవర్నని ఏం లాభం. ఆ నెంబరు తీసేసి, దాని నకలును వెతికి పెట్టాడు. ఎనిమిదీ మళ్లీ మొదటినుంచి చదివించుకున్నాడు. అప్పుడు, సకలదేవతలనూ తలచుకుని, ఎంటర్ నొక్కాడు.

యంత్రం కిమ్మనలేదు. తప్పు జరిగితే తెరనిండా తిట్టిపోసే ఆ కోపిష్ఠి, ఆజ్ఞ నెరవేరితే మాత్రం మౌనంగా ఒక్క వరుస కిందికి దిగి నిలబడుతుంది. చూస్తే ఎనిమిది నకళ్లూ కొత్త పేరుతో లేచి కూర్చున్నాయి. అసలు గుంపు తన పాటికి తాను పనిచేసుకుంటోంది.

"అయిపోయింది బాబాయ్" అంది ఆ అమ్మాయి. బ్యాకప్ మాట ఎత్తలేదు.

దుందుభులు మోగలేదు, పూలవాన కురవలేదు. ఫోను మాత్రం మోగింది.

"ఏమైందండీ, ఉదయం నుంచీ ఫోనే ఎత్తట్లేదు?" అంది భార్య.

విజయధ్వజం దశదిశలా రెపరెపలాడుచుండగా, ఆ మహావీరుడు ప్రకటించాడు: "ఏమీ కాలేదే. ఇవాళ అసలు ఏమీ కాలేదు."