బడిలో ఖాళీల్లేవు

ఒక పెద్ద అడవిలో, చలిదేశపు కొండల మీద, ఒక పేట ఉండేది. అడవి పెద్దదే, పేటా పెద్దదే, ఉండేవాళ్ళు మాత్రం పదకొండుమంది. అందరిలోకీ చిన్నది మేక, దానికి అరవై నాలుగేళ్ళు. బరువు పని ఏదొచ్చినా "ఆ కుర్రదానికి చెప్పండి" అనేవాళ్ళు.

ఈడొచ్చినవన్నీ పని వెతుక్కుంటూ పల్లపు అడవికి దిగిపోయాయి. అక్కడే జతకట్టాయి. పిల్లలెప్పుడని అడిగితే, "ముందు తలదాచుకోను బొరియ దొరకనీండి" అని కబురు పంపాయి.

ఆ పేటకి మంత్రసాని ముళ్ళపంది నాంచారమ్మ. ఎనభై నాలుగేళ్ళ మనిషి. పేట అధ్యక్షుడు భల్లూకరావు అనే ఎలుగుబంటి కూడా కడుపులో అడ్డం తిరిగి, ఆవిణ్ణి నానా తిప్పలూ పెట్టి, ఆవిడ చేతుల్లోనే పడ్డాడు. అలాంటి నాంచారమ్మకి పదకొండేళ్ళుగా ఒక్క పురుడు లేదు. మేకకి కడుపుబ్బిందని తెలిస్తే చాలు, పరుగెత్తుకెళ్ళి చెయ్యి పెట్టి చూసేది.

"నా కడుపులో నిన్నటి క్యాబేజీ తప్ప ఏం లేదే నాంచారమ్మా!" అని మేక మొత్తుకునేది.

"నా ఖర్మ! ఒక్కటంటే ఒక్క పురుడు పోసి కన్ను మూద్దామంటే, క్యాబేజీ!" అని తిట్టుకుంటూ ఇంటికొచ్చేది.

ఇలా ఉండగా పల్లంలోని పెద్దాఫీసు నుంచి తాఖీదొచ్చింది. బడిలో పదిమంది విద్యార్థులైనా లేని పేటని రద్దు చేస్తారట, అందులోవాళ్ళని పల్లంలో వృద్ధాశ్రమానికి తోలేస్తారట.

భల్లూకరావు సభ పిలిచాడు. "ఇక లాభం లేదు, మనమే పిల్లల్ని కనాలి" అన్నాడు.

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత ఆ ప్రతిపాదనని మర్యాదగా పక్కన పెట్టారు.

అప్పుడు నక్క గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "విద్యార్థులన్నాడు గానీ వయసెంతో అన్నాడా? గుడ్లగూబ పంతులుగారు ఎలాగూ ఉన్నారు. మిగతా పదిమందిమీ ఒకటో తరగతిలో చేరిపోతే సరి!"

"ఓరి నీ అసాధ్యం కూలా! నోట్లో పళ్ళు లేనివాళ్ళకి అఆలేమిట్రా?" అంది నాంచారమ్మ.

"పళ్ళు లేకపోవడం ఒకటో తరగతి లక్షణమే పెద్దమ్మా" అన్నాడు నక్క.

చేరారు. చేరాక తెలిసింది, బడి ఎంత సుఖమో. మధ్యలో కుంపటి, పదింటికి పాలు, మధ్యాహ్నం వేడి గంజి, ఆ పైన కునుకు. చిన్నప్పుడు చెట్టుకు కట్టేసినా బడికి పోని భల్లూకరావు ఇప్పుడు గంటకి ముందే వచ్చి కూర్చునేవాడు. నాంచారమ్మ మాత్రం పలక మీద అక్షరాలకి బదులు ఊయలలు గీసేది.

తనిఖీకి కొంగ అధికారి వచ్చాడు. భల్లూకరావు నెరిసిన మూతి చూసి, "ఈ అబ్బాయి కాస్త ఎదిగినట్టున్నాడే?" అన్నాడు.

"వాళ్ళ నాన్న పోలికండీ" అన్నాడు నక్క.

కొంగకి చలి ఎముకల్లోకి దిగుతోంది. "బెంచీలు పది, విద్యార్థులు పది" అని రాసి, ముద్ర గుద్ది, పల్లంలోకి ఎగిరిపోయాడు. పేటంతా పండగ చేసుకుంది.

పండగ ముగిసిన వారానికి, ఒక మధ్యాహ్నం బడి గుమ్మంలో ఓ అడవిపంది నిలబడింది. పేరు వరాలు. ఒళ్ళంతా మసి, వెనక మూడు పిల్లలు, నిండు చూలాలు.

"దక్షిణాన మా అడవి తగలబడిపోయిందండీ. ఇక్కడ బొరియలన్నీ ఖాళీగా కనబడితే, ఓ మూల ఉండనిస్తారేమోనని వచ్చాం" అంది.

నాంచారమ్మ పలక విసిరేసి వచ్చి వరాలు కడుపు మీద చెయ్యేసింది. "ఐదు... కాదర్రా, ఆరు! ఇవాళో రేపో!" అంటూ బావురుమంది. ఆ ఏడుపు సంతోషమేనని తెలియక వరాలు హడలిపోయింది.

నక్క అడ్డమొచ్చాడు. "ఆగండాగండి. పిల్లలున్నవాళ్ళు పేటలో చేరాలంటే పిల్లల్ని బడిలో వేసినట్టు చీటీ చూపాలి. బడిలో ఖాళీల్లేవు."

"మనం లేస్తే పది ఖాళీలు కదరా!" అంది నాంచారమ్మ.

"అదెలా కుదురుతుంది పెద్దమ్మా?" అన్నాడు భల్లూకరావు. "వచ్చే ఏడు రెండో తరగతికి పోవలసినవాళ్ళం. చదువు మధ్యలో మానేస్తామా?"

"కుంపటి పక్క చోటు నాది, నేను లేవను" అంది మేక. "అయినా ఇంతమంది పరాయివాళ్ళొస్తే మన పేట తీరే మారిపోదూ?"

"తీరేముందే, దగ్గడం తప్ప!" అంది నాంచారమ్మ.

విద్యార్థుల్లో ఓటు పెట్టారు. వద్దన్నవాళ్ళు తొమ్మిదిమంది, రమ్మన్నది నాంచారమ్మ ఒక్కతే. వరాలు పిల్లల్ని ముందు నడిపించుకుంటూ అవతలి కొండవైపు తిరిగింది.

నాంచారమ్మ తన చేతులవైపు చూసుకుంది. గబగబా ఇంటికెళ్ళి కత్తీ దారం మూట కట్టుకుని, బడి ముందునించే బయల్దేరింది.

"పెద్దమ్మా! గంట కొట్టకుండా పోకూడదు!" అని అరిచాడు భల్లూకరావు.

"పోతున్నాను. కావాలంటే మా అమ్మానాన్నలకి చెప్పుకో ఫో!"

ఆ సాయంత్రమే అవతలి కొండ మీద, ఒక బండ చాటున, వరాలు ఈనింది. ఐదు పిల్లలు తేలిగ్గానే వచ్చాయి. ఆరోది కిక్కురుమనలేదు. నాంచారమ్మ ముళ్ళన్నీ అణిచిపెట్టి, దాని వెనక్కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి, వీపు మీద చరిచింది. ఒకసారి. రెండోసారి. మూడోసారికి కెవ్వుమంది. నాంచారమ్మ కూడా కెవ్వుమంది.

"కొత్తవాళ్ళమని మాకెవరూ లేరనుకున్నానమ్మా" అంది వరాలు.

"మూతి మూసుకుని పాలివ్వు. నేను లేనూ!" అంది నాంచారమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

పేటలో బడి లెక్కకి ఒకరు తగ్గారు. మళ్ళీ తనిఖీకొస్తే ఖాళీ బెంచీ దొరికిపోతుంది గనక, నక్కకి హాజరుపట్టీలో ఉన్నదున్నట్టే రాయక తప్పలేదు: "ఒక బాలిక, ఒకటో తరగతి, వయసు ఎనభై నాలుగు, ఉపాధి కోసం పేట విడిచి వెళ్ళినది." కొండల్లో యువతరం వలసలు ఆగడం లేదని పెద్దాఫీసు విచారం వెలిబుచ్చి, పేటని రద్దు చేసింది.

పంతులుగారితో సహా అందర్నీ పల్లానికి దింపారు. పంతులుగారికి వృద్ధాశ్రమంలో చోటు దొరికింది. కాయితాల్లో పిల్లలని ఉండడంతో మిగతా తొమ్మిదిమందినీ వృద్ధాశ్రమంవాళ్ళు గుమ్మంలోకే రానివ్వలేదు. బాలల వసతిగృహంలో వేశారు. అక్కడ తెల్లారకుండా లేపి చన్నీళ్ళు పోస్తారు, గుంజీలు తీయిస్తారు. కుంపటి లేదు, కునుకు అసలే లేదు.

ఓ రోజు వార్డెను కాకమ్మ ముద్దుగా భల్లూకరావు బుగ్గ గిల్లి, "పెద్దయ్యాక ఏమవుతావు బాబూ?" అని అడిగింది.

భల్లూకరావు చేతులు కట్టుకుని, "అధ్యక్షుణ్ణవుతానండీ" అన్నాడు.

నీతి: పిల్లల్లేని బడి నడపడం సుళువే, పిల్లలొస్తేనే చిక్కు.