భూపాలన్న అర్ధాసన సమరం

సాగర్ రోడ్డు పొడవునా వెంచర్ల హద్దురాళ్లే పంటలై మొలుచుచున్న కాలమున, వైశాఖ మధ్యాహ్న మార్తాండుడు ఇబ్రహీంపట్నపు డాంబరును పాకము పట్టుచున్న వేళ, డిపో నుండి వెలువడిన బస్సులు మదగజములవలె ఘీంకరించుచు సాగుచున్న ఆ రాజమార్గపు ఒడ్డున, ఒకానొక ఫంక్షన్ హాలు ముంగిట, షామియానా నీడన, ఒక మహాసంగ్రామము జరిగెను. దానిని పేపర్లు రాయలేదు, టీవీలు చూపలేదు. చూపవు కూడా. వాటికి గెలిచినోళ్ల కుర్చీలే కుర్చీలు.

ఆ సంగ్రామ నాయకుడు మల్లా భూపాల్. ఏకవార శాసనసభ్యుడు, చతుష్పక్ష సంచారి, అనగా ఒక్కసారి ఎమ్మెల్యేగా గెలిచి నాలుగు పార్టీలు మారినవాడు. ఆదివారం తప్పక నల్లరంగు పూయించుకొను కేశరంజన ధురంధరుడు. పిలిచినా పిలవకున్నా పెండ్లికేగి అక్షతలు చల్లు ఆజానుబాహుడు. ఒకప్పుడు ఆయన దగ్గినచో, రావిర్యాల నుండి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా జనము మందుగోలీలు పట్టుకొని ఉరికెడివారు. ఇప్పుడు ఎదుట తుమ్మినను "చిరంజీవ" అనువాడు లేడు. పదవి పోయిన మనిషి తన తుమ్ముకు తానే దీవెన చెప్పుకోవలె.

నేటి సభకు మంత్రివర్యుడు వేంచేయుచున్నాడు. ఖాళీగానున్న ఒక కార్పొరేషన్ చైర్మన్ గద్దెకు పేరు చెప్పువాడు ఆయనే. ఆయన కంటబడవలెనన్న వేదికపై ఉండవలె. వేదికపై ఉండవలెనన్న కుర్చీ ఉండవలె. కుర్చీ లేనివాడు వెనుక నిలబడి గన్‌మెన్ల మోచేతి పోట్లు తినవలె. రాజనీతిసారమంతయు ఇంతే, తక్కినదంతా ఉపన్యాసము.

అందుచే భూపాలుడు తన సమస్త చతురంగబలమును, అనగా మిగిలిన ఒకే అనుచరుడూ కారు డ్రైవరూ అయిన యాదయ్యను, పొద్దుగాలనే పంపియుండెను. కదులుచున్న బస్సు కిటికీలోనుండి తువ్వాల విసిరి సీటు ఆపుకొనునట్లు, యాదయ్య వేదికపై ముందువరుస కుర్చీ మీద పార్టీ కండువా పరిచి, శంఖము పూరించినవానివలె బీడీ ముట్టించెను.

అయ్యో, విధి. భూపాలుడు వేదిక నెక్కి చూచునప్పటికి ప్రతి కుర్చీపైనను అదే రంగు, అదే అంచు, అదే గుర్తు గల కండువా పరచబడి యుండెను. తెలివి యాదయ్య ఒక్కని సొత్తు కాదు గదా.

"మనదేదిరా యాదయ్యా?"

యాదయ్య కుర్చీలన్నింటిని ఈ చివరి నుండి ఆ చివరికి చూసెను. "అన్నీ మనయే గదన్నా. పార్టీ ఒక్కటే గద."

"పార్టీ ఒక్కటేరా. కూసునే ముడ్లు ఒక్కటి గావు."

"పోయినసారే నయముండె. మర్చిపోయి పాత పార్టీ కండువ ఏసిన. కుర్చీని ఎవ్వడు ముట్టలె."

"అవ్, ముట్టలె. పక్క కుర్చీలల్ల గూడ ఎవ్వడు గూసోలె."

ఇట్లు మంత్రాంగము సాగుచుండగనే కండువాలు ఎగిరిపోయెను, కుర్చీలు నిండిపోయెను. చేతుల్లేని ఎర్ర ప్లాస్టిక్ సింహాసనమొక్కటి మిగిలెను. దానిపైకి ఈ వైపు నుండి భూపాలుడును, ఆ వైపు నుండి జానయ్యయు ఏకకాలమున లంఘించిరి. జానయ్య మార్కెట్ కమిటీ మాజీ చైర్మన్. ఎన్నికల్లో ఎన్నోమార్లు భూపాలునితో తలపడి, తుదకు ఒకే పార్టీలో వచ్చిపడిన పూర్వవైరి. పర్వతములు రెండు ఢీకొనెను. కుర్చీ కాళ్లు కిర్రుమనెను. చెరిసగము మీద చెరియొకరు చతికిలబడిరి. మెచ్చినవానికి స్వర్గాధిపతి సగము గద్దె నిచ్చునని పురాణములు చెప్పును. ఇది ఎవడును ఎవనికి ఇవ్వని సగము.

మైకు లేకున్నను మైకు గొంతుతో భూపాలుడు గర్జించెను: "జానయ్యా, నేనేయించిన బోరు నీళ్లు తాగినవ్. నేనేయించిన రోడ్డు మీద నడిచినవ్. నా కుర్చీ గుంజుకునేటందుకు నీకు మనసెట్ల ఒప్పింది?"

"నీ బోర్ల నీళ్లు పడలె. నీ రోడ్డు మొదటి వానకే కొట్కపోయింది. గీ కుర్చీ ఒక్కటి మంచిగున్నది. గది నువ్వు తెచ్చింది గాదు."

"జర జరుగు."

"జరిగితే కింద పడ్త."

"పడు."

అంతలో సైరన్ మోగెను. మంత్రి వేదిక నెక్కెను. శాలువాలు పట్టుకొని వేదిక యావత్తు లేచి నిలిచెను. అప్పుడు భూపాలుని హృదయమున ఘోర ధర్మసంకటము పుట్టెను: లేచినచో కుర్చీ పోవును, లేవకున్నచో చైర్మన్ పదవి పోవును.

"లే జానయ్యా, మంత్రి వస్తుండు."

"ముందుగాల నువ్వు లే. పెద్దోనివి."

"ఇద్దరం ఒక్కపారే లేద్దం."

"సరే."

ఇద్దరును లేవలేదు.

నిలిచిన అడవిలో రెండు మొద్దులవలె కూర్చున్న వారిపై మంత్రి చూపు పడెను. ఎన్నేండ్లుగానో భూపాలుడు ఏ చూపుకై గేట్ల ముందట తపస్సు చేసెనో ఆ చూపు. శాలువాల వ్యూహమును చీల్చుకొని మంత్రి స్వయముగా వచ్చి, వంగి, భూపాలుని భుజముపై చేయి వేసెను. కారులో వల్లించుకొన్న వాక్యము చెప్పుటకు భూపాలుడు నోరు తెరిచెను.

"ఏమైంది? లేస్తలేరేంది?" అనెను మంత్రి.

జానయ్య పిడుగువలె లేచి చేతులు జోడించెను. "నాకేం గాలె సార్. ఈయనకే మోకాళ్లు పోయినయి. పడిపోతడని పట్టుకొని కూసున్న."

భూపాలుడు లేవబోయెను. లేచి, తొడ గొట్టి, మోకాళ్లు ఉక్కుముక్కలని చాటవలెనని సగము లేచెను కూడా. కాని వెనుక నిలబడిన ఒక యువనేత చేయి అప్పుడే కుర్చీ వీపుపై పడెను. ఆ చేతిని భూపాలుడు చూసెను. మెల్లగా మళ్లీ కూర్చుండెను.

"లేవకు పెద్దాయనా," అనెను మంత్రి మిక్కిలి కరుణతో. "గీ వయసుల గింత ఎండల ఎందుకొచ్చినవ్? ఆరాంగ కూసో." పిమ్మట జానయ్య భుజము తట్టి, "నీ అసొంటోళ్లు గావాలె పార్టీకి," అని చేయి పట్టుకొని ముందు తన కొరకు వేసిన సోఫాకు తోడ్కొని పోయెను.

వేదిక కిందినుండి యాదయ్య కేకేసెను. "అన్నా, దొరికిందా?"

"దొరికింది," అనెను భూపాలుడు.

సగము కాదు, మొత్తము. కుడి తొడ కుడికి, ఎడమ తొడ ఎడమకు విస్తరిల్లి, నడుము వెనుకకు వాల్చి, భూపాలుడు ఆ ఎర్రని ఆసనమును సంపూర్ణముగా ఆక్రమించెను. ఇబ్రహీంపట్నము గడ్డపై ఒక నాయకుడు ఎక్కిన కుర్చీని, ఎవడును దింపకుండ, తానును దిగకుండ, టెంట్ హౌస్ వాళ్లు వచ్చి "జర లేస్తవా పెద్దాయనా" అని అడుగువరకు ఏలెనని అష్టదిక్కులును వినుగాక.