నాగేశ్వరమ్మ ఆరేసిన నల్ల దుప్పటి

ఎవరు ఊరికి బయల్దేరినా వాళ్ల సంచి నాగేశ్వరమ్మే సర్దాలి. ఇంకొకరు ముట్టుకుంటే ఆమెకు ఆ పూట అన్నం సహించదు. ఆ ఆదివారం పొద్దున మనవరాలు హరిణి సంచి ముందేసుకుని కూర్చుంది. రెండు జతల బట్టలు, తువ్వాలు, సబ్బుపెట్టె, మురుకుల డబ్బా, జలుబు మందు. హరిణి జడ వేసుకోవడానికి అద్దం దగ్గరికి వెళ్లగానే, సంచి అడుగు నుంచి ఒక వస్తువు తీసి తన చీరల కింద దాచేసింది.

అది ఆమె పద్ధతి. వెళ్లే మనిషి వస్తువు ఒకటి ఇంట్లో ఉండిపోతే, దాని కోసమైనా తిరిగి వస్తారని ఆమె నమ్మకం. కొడుకు రాధాకృష్ణ ఉద్యోగం ఇంటర్వ్యూకి పెన్ను లేకుండా వెళ్లాడు. కోడలు రజిని ఆవర్‌పూర్‌లో బాలింతైన చెల్లెలికి సాయం చేస్తోంది, దువ్వెన లేకుండా. ఈ నమ్మకానికి మూలపురుషుడు ఆమె భర్త శంకరయ్య. ఇరవై రెండేళ్ల కింద "హైదరాబాద్ పోయి నాలుగు రోజుల్ల వస్త" అని వెళ్లిన మనిషి మళ్లీ కనిపించలేదు. వక్కలు కత్తిరించుకునే ఆయన అడకత్తెర మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఇంకొకరైతే నమ్మకాన్ని వదులుకునేవారు. నాగేశ్వరమ్మ అడకత్తెరకు ఏటా నూనె రాసి, బియ్యం డబ్బా వెనక పెట్టేది. వస్తువు ఉంది కదా, వస్తాడు.

"బాపమ్మా, అన్నీ పెట్టినవా?" అంది హరిణి.

"పెట్టిన. పాటలోళ్ల పేరేమంటివే?"

"కాలీ ధూళ్. అంటే నల్ల దుమ్ము."

"ఫ్యాక్టరీ బొగ్గుదుమ్ము రోజు కిటికీల మీద తుడుస్తనే ఉన్న గద. దానికి పాట గూడనా?"

హరిణి నవ్వింది. ఇంటికి కేబుల్ టీవీ వచ్చిన ఏడాది నుంచీ ఆ పిల్లకి గిటార్ల పిచ్చి. అందులోనూ కాలీ ధూళ్ అంటే ప్రాణం. వాళ్ల క్యాసెట్‌ని టేపు అరిగేదాకా విన్నది. వాళ్లే ఇప్పుడు నాగపూర్‌లో ఆ సాయంత్రం పాడే వేదిక వెనక కట్టడానికి పరదా వేసివ్వమని అడిగారు. నెల రోజులు తలుపు మూసుకుని వేసింది. ఎవరికీ చూపించలేదు.

"నచ్చితే క్యాసెట్ మీద బొమ్మ గూడ నాతోనే ఏపిస్తరంట. నచ్చకపోతే ఇగ నన్ను పిలువరు," అంది, గొంతు సన్నగా చేసుకుని.

"రేపు రాత్రికి వస్తవు గద?"

"వస్తనే!"

కింద జీపు హారన్ కొట్టింది. జీపు నడిపే తరుణ్ ఆ బృందంలో పాటగాడు, రాధాకృష్ణతో పాటు కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన కొడుకు. అందుకే అనుమతి దొరికింది. సాగనంపేటప్పుడు నాగేశ్వరమ్మకి ఒక ముఖం ఉంది. కనుగుడ్లు వెళ్లుకొచ్చి, నోరు తెరుచుకుని, అరచెయ్యి చెంపకు అతుక్కుంటుంది. ఆ ముఖం చూసి బయల్దేరినవాళ్లకి, తాము బతికే ఉన్నామా అని కాసేపు అనుమానం వచ్చేది. హరిణి ఆ ముఖాన్ని చూసి చెయ్యి ఊపి వెళ్లింది. రాధాకృష్ణ కూడా షిఫ్టుకు వెళ్లాడు.

తర్వాత నాగేశ్వరమ్మ దాచిన వస్తువు తీసింది. మడత పెట్టిన పెద్ద నల్ల దుప్పటి. నాగపూర్‌లో హరిణి రాత్రికి పడుకునేది మేనత్త ఇంట్లోనే, అక్కడ దుప్పట్లకు కరువా అనుకుని దాన్నే ఆపింది. ఇప్పుడది గుప్పున రంగుల వాసన కొట్టింది. పిల్ల కుంచెలు దీనికే తుడిచినట్టుందనుకుని, బాల్కనీ కటకటాల మీద ఆరేసింది. జానెడు అంచు లోపలికి మడిచి క్లిప్పులు పెట్టింది. ఆ జానెడూ నల్లగానే ఉంది. మిగిలిందంతా రోడ్డు వైపు వేలాడింది. ఇక తలంటుకోవడానికి వెళ్లింది.

రోడ్డు వైపు ఏముందో ఆమె చూడలేదు. కింద కిరాణా కొట్టు హనుమంతు చూశాడు. నిలువెత్తు నల్లబట్ట మీద నాగేశ్వరమ్మ ముఖం. చుట్టూ నారింజ రంగు మంటలు. కింద నుంచి చూస్తే బంతిపూల దండే. మంటల కింద ఏవో ఇంగ్లీషు అక్షరాలు. ఇంగ్లీషు చదివినవాళ్లకూ అర్థం కాకపోవడమే ఆ అక్షరాల గొప్పట. అర్థమయ్యేది ఒక్కటే. ఇరవై నాలుగు, నవంబర్. ఆ రోజు తేదీ.

ఊళ్లో ఎవరు పోయినా ఫొటో, దండ, తేదీ బోర్డు మీద పెట్టి వీధి మొదట్లో నిలబెట్టడం మామూలే. ఇంజనీరు రాధాకృష్ణ గారి తల్లి గనుక కొంచెం పెద్దది పెట్టారనుకున్నాడు హనుమంతు.

"నిన్ననే కందిపప్పుల పురుగులున్నయని తిట్టింది," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఇయ్యాల తిట్టే మనిషే లేదు."

సగం షట్టరు దించాడు. ఎస్టీడీ బూత్ నుంచి కరెంటు ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. పాడె కోసం వెదురుబొంగులకు మనిషిని పంపాడు. ఎదురింటి లక్ష్మీబాయి చేతిలో గరిటెతోనే ఏడ్చుకుంటూ మెట్లెక్కింది.

"పోతివా అక్కా! నా గిన్నె గూడ ఇయ్యకపోతివి!"

తలుపు తెరుచుకుంది. విరబోసిన తడి జుట్టుతో, తెల్లచీరలో, నాగేశ్వరమ్మ నిలబడి ఉంది. లక్ష్మీబాయి కెవ్వున అరిచి, గరిటెతో సహా గుమ్మంలో పడిపోయింది.

నాగేశ్వరమ్మ గుమ్మం దాటింది. మెట్ల మీద నుంచి కిందికి చూసింది. సగం మూసిన కొట్టు, తలలు వంచుకున్న మనుషులు, గోడకానించిన వెదురుబొంగులు. ఆమెకు ఒక్కటే తోచింది. జీపు!

"నా బిడ్డా! హరిణీ!" అని లోపలికొచ్చి కూలబడి గొంతెత్తింది.

"పైన చుట్టాలు దిగినట్టున్నరు," అన్నాడు కింద ఎవరో. "పాపం, మనవరాలిని తలుసుకుంటున్నరు."

ఇంతలో రాధాకృష్ణ తలకి హెల్మెట్టుతోనే బండి దిగి, వెదురుబొంగులు చూసి, మూడేసి మెట్లు ఎక్కి పైకొచ్చాడు. తల్లిని చూశాడు. ఆమె ఒళ్లో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. కొడుకు ఏడ్వగానే నాగేశ్వరమ్మకి ఉన్న కాస్త అనుమానం తీరిపోయింది.

"ఎక్కడ పడ్డదిరా జీపు?"

"ఏ జీపు? అవ్వా, నువ్వు... నువ్వు మంచిగనే ఉన్నవా?"

"నేనుండి ఏం లాభంరా!"

ఇద్దరూ కావలించుకుని ఏడుస్తుంటే, లక్ష్మీబాయిని దాటుకుంటూ హరిణి లోపలికొచ్చింది.

"బాపమ్మా! నా పరదా ఎందుకు ఆరేసినవ్? తొవ్వల వరోరా దాక పోయి చూసుకుంటె సంచిల లేదు!"

నాగేశ్వరమ్మ గుడ్లు వెళ్లబెట్టింది. నోరు తెరిచింది. అరచెయ్యి చెంపకు పోయింది. గుమ్మంలో ఉన్న తరుణ్ ఒకసారి ఆమెను, ఒకసారి బాల్కనీని చూసి, మరాఠీలో "అరే, హీచ్ తీ!" అన్నాడు, ఈమే ఆమె అని. పరదా మీది మనిషి ప్రాణంతో ఎదురుగా కూర్చుంది మరి.

ఆమెను నడిపించుకుంటూ కిందికి తీసుకెళ్లి చూపించారు. నాగేశ్వరమ్మ తలెత్తి చాలాసేపు చూసింది.

"గిది నేనా?"

"నువ్వే. మమ్ముల సాగనంపేటప్పుడు పెట్టే ముఖం," అంది హరిణి, భయంభయంగా.

"నేను గిట్ల పెడ్తనా?"

"పెడ్తవ్!" అన్నారు వీధిలో వాళ్లంతా ఒక్కసారే. అప్పుడే మెట్లు దిగుతున్న లక్ష్మీబాయి కూడా, "పెడ్తవక్కా," అంది.

హరిణి తరుణ్ వైపు చూడలేక నేల చూస్తోంది. తరుణ్ తల గోక్కున్నాడు. "మేం ఎన్నో ఊళ్లల్ల పాడినం. ఒక్కడు ఏడ్వలే. మీ బాపమ్మ బొమ్మ చూసి, పాట ఇనకుంటనే గల్లీ అంత ఏడ్చింది. క్యాసెట్ మీద గూడ ఇదే పెట్టాలె."

"మరి ఈ బొంగులు?" అన్నాడు హనుమంతు దిగులుగా.

"పరదా కట్టెటందుకు కావాలె, ఇయ్యి," అని తరుణ్ వాటిని జీపు మీద కట్టేశాడు. హరిణి పరదా ఒళ్లో పెట్టుకుని మళ్లీ వెళ్లిపోయింది.

జనం చెదిరిపోయారు. మెట్ల కింద ఒక ముసలాయన మాత్రం మిగిలాడు. చేతిలో బంతిపూల దండ, చంకలో తమలపాకుల సంచి. ఒంటికాలి మీద నిలబడి రెండో పాదంతో పిక్క గోక్కుంటున్నాడు. అలా గోక్కునే మనిషి ఆమెకు తెలిసి ఒక్కడే.

"నాగేశ్వరీ," అన్నాడు శంకరయ్య. "నువ్వు పోయినవనుకున్న."

"నేనెక్కడికి పోయిన? పోయింది నువ్వు గద."

రాధాకృష్ణ తండ్రిని గుర్తుపట్టి, గోడ వైపు తిరిగి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

"ఎక్కడుంటివి ఇన్నేండ్లు?"

"బల్లార్షా. స్టేషన్ కాడ పాన్ డబ్బా."

ఆమె హైదరాబాద్ అనుకుంది, కాశీ అనుకుంది, గోదావరి కూడా అనుకుంది. బస్సెక్కితే అరగంటలో వచ్చే బల్లార్షా తోచలేదు. ఆ స్టేషన్‌లో ఆమె ఎన్నోసార్లు రైలెక్కింది.

"ఆదివారం ఆదివారం ఆకులు కొనెటందుకు ఈ రోడ్డు మీదికెళ్లే పోత," అన్నాడాయన. "ఇయ్యాల బొమ్మ చూసి ఆగిన."

"మరి ఒక్కనాడన్న పైకి రాకపోతివి?"

"సిగ్గయ్యింది."

"ఇరవై రెండేండ్లా?"

"మొదటేడు బాగ అయ్యింది. తర్వాత అలవాటు పడ్డది."

ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా ఉండలేదు ఆమె. శంకరయ్య కడుపునిండా తిని, "పప్పుల ఉప్పు తక్కువైంది," అన్నాడు, నిన్నటిదాకా ఆ ఇంట్లోనే తిన్నట్టు. చెయ్యి కడుక్కుని సంచిలోంచి ఆకు తీసి, "నా అడకత్తెర ఉన్నదా?" అని అడిగాడు.

బియ్యం డబ్బా వెనక నుంచి తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని ఆడించి చూశాడు. నూనె రాసి ఉంది. ఒక వక్క కత్తిరించుకుని, అడకత్తెరను కిటికీలో పెట్టాడు.

"ఇక్కడనే ఉండనీ. వచ్చే ఆదివారం మళ్ల వస్త గద."

నాగేశ్వరమ్మ కిటికీ వైపు చూసింది. అడకత్తెర పక్కన పొద్దున తుడిచిన చోటే మళ్లీ నల్లదుమ్ము పేరుకుంటోంది. అడకత్తెరను తీసుకుని కొంగుతో తుడిచి, కాగితంలో చుట్టి, ఆయన సంచిలో ఆకుల కింద పెట్టింది. ఇంకేమైనా ఉందా అని పీట చుట్టూ, గుమ్మం పక్కన, మెట్ల మీద చూసింది. బంతిపూల దండ కనిపిస్తే అది కూడా తెచ్చి పెట్టింది.

"మరిచిపోయినవని ఉంచిన. ఇగ తీస్కపో."

ఆయన మెట్లు దిగి రోడ్డు మీదికి పోతుంటే ఆమె బాల్కనీలో నిలబడింది. ఎదురింట్లో లక్ష్మీబాయి ఆ ముఖం కోసం చూసింది. నాగేశ్వరమ్మ నోరు మూసుకునే ఉంది.

హరిణి సోమవారం రాత్రికే వచ్చింది. రజిని బుధవారం నాడు వస్తూనే దువ్వెన ఎక్కడుందని అడిగింది. శంకరయ్య పంతొమ్మిది వందల తొంభై ఆరు నవంబర్ ఇరవై నాలుగు, ఆదివారం సాయంత్రం వెళ్లాడు, మళ్లీ రాలేదు.